మంత్రి, కార్యదర్శి, మధ్యలో ఒక పొడవాటి వాక్యం: 'యెస్ మినిస్టర్' చరిత్ర

సభకు నమస్కారం.

బ్రిటిష్ టెలివిజన్ హాస్య ధారావాహికల మీద మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, పది ధారావాహికల గురించి తలా ఒక ముక్క చెప్పి ఊరుకోవడం కంటే ఒక్కదాన్ని పట్టుకుని కాస్త లోతుకు దిగడం మేలనిపించింది. నేను ఎంచుకున్నది 'యెస్ మినిస్టర్'. 1980 ఫిబ్రవరి 25న బీబీసీ రెండవ ఛానెల్‌లో మొదలై, తరువాత 'యెస్ ప్రైమ్ మినిస్టర్'గా పేరు మార్చుకుని, 1988 జనవరి 28న ముగిసిన ఈ ధారావాహిక మొత్తం 38 భాగాలే. మన రోజువారీ సీరియళ్ల లెక్కలో చూస్తే రెండు నెలలకు కూడా చాలని సరుకు. దీన్నే ఎంచుకోవడానికి నా ఉద్యోగం కూడా ఒక కారణం. సచివాలయంలో ఫైళ్ల మధ్య జీవితం గడిపి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక, ఈ ధారావాహికను మొదటిసారి చూసినప్పుడు నవ్వుతో పాటు కొంచెం సిగ్గు కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

కథ నాలుగు మాటల్లో చెప్పవచ్చు. జిమ్ హాకర్ అనే రాజకీయ నాయకుడు ఎన్నికల్లో గెలిచి 'పరిపాలనా వ్యవహారాల శాఖ'కు మంత్రి అవుతాడు. పరిపాలించడమెలాగో చూసుకోవడమే పనిగా పెట్టుకున్న ఈ శాఖ కల్పితం. ఆ శాఖకు శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ యాపిల్‌బీ. మంత్రికి ప్రైవేటు కార్యదర్శి బెర్నార్డ్ వూలీ. మంత్రి ఏదో చేయాలంటాడు, కార్యదర్శి 'అలాగే మంత్రి గారూ' అంటాడు, ఆ పని జరగదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతను ఇంగ్లండు వాళ్లు 38 భాగాలుగా తీశారనుకుంటే చాలావరకు సరిపోతుంది. అయితే ఇందులో నాయకుడు మంత్రీ కాదు, కార్యదర్శీ కాదని నా అభిప్రాయం. నాయక పాత్ర ఆఫీసు భాషది, ఎక్కడా ఆగకుండా సాగిపోయే ఆ వాక్యానిది. దీని చరిత్రను ఆ వైపు నుంచే చెబుతాను.

మొదట బీజం ఎక్కడ పడిందో చూద్దాం. టిమొతీ ఎవాన్స్ అనే యువకుణ్ని కన్నకూతుర్ని చంపాడన్న నేరం మీద 1950లో లండన్‌లో ఉరి తీశారు. మూడేళ్ల తరువాత, అదే ఇంట్లో కింద భాగంలో ఉన్న క్రిస్టీ అనేవాడు వరుస హత్యలు చేసిన హంతకుడని బయటపడింది. ఎవాన్స్ నిర్దోషి కావచ్చని, మళ్లీ విచారణ జరపాలని కోరినవారిలో అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న ఫ్రాంక్ సోస్కీస్ ఒకరు. 1964లో లేబర్ పార్టీ అధికారంలోకి రాగానే ఆయనే హోం మంత్రి అయ్యారు. విచారణ జరిపించండని అదే విన్నపం ఆయన బల్ల మీదికి వచ్చినప్పుడు, దానివల్ల ప్రయోజనం లేదని ముందు నిరాకరించారు. ఒత్తిడి పెరిగాక 1965లో విచారణ వేశారు, 1966లో ఎవాన్స్‌కు మరణానంతర క్షమాభిక్ష లభించింది. ఈ ధారావాహిక ఇద్దరు రచయితల్లో ఒకరైన, అప్పటికి బీబీసీలో పనిచేసి బయటికి వచ్చిన ఆంటొనీ జేకి ఈ ఉదంతం మనసులో ముల్లులా నాటుకుంది. నిన్న ఒక మాట, నేడు ఒక మాట: మాట మార్చింది మనిషా, కుర్చీనా? కుర్చీ అయితే, ఆ కుర్చీ వెనక నిలబడి చెవిలో చెప్పినవారెవరు? ఈ ధారావాహిక మొత్తం ఈ ప్రశ్నలోంచే పుట్టింది.

ఇక పేరు. రిచర్డ్ క్రాస్‌మన్ 1964లో గృహనిర్మాణ, స్థానిక పాలనా శాఖ మంత్రిగా చేరిన రోజు నుంచి డైరీ రాశారు. మంత్రి పదవి చుట్టూ మెత్తలు కుట్టిన గదిలో బంధించినట్టుందని, అందరూ 'అలాగే మంత్రి గారూ, కుదరదు మంత్రి గారూ, మీరు కోరితే మంత్రి గారూ' అంటూ అతి వినయంగా చుట్టూ తిరుగుతారని ఆయన రాసుకున్నారు. ఆయన 1974లో మరణించాక ఆ డైరీలు అచ్చు కాకుండా ఆపాలని ప్రభుత్వం కోర్టుకెక్కింది, నెగ్గలేకపోయింది. 1975 నుంచి 1977 దాకా మూడు సంపుటాలు వెలువడ్డాయి. మంత్రివర్గ గదుల్లోని మాటలు ఇంత తాజాగా, ఇంత వివరంగా సామాన్య పాఠకుడి చేతికి అందడం అంతకు ముందు అరుదు. రహస్యంగా ఉంచాలని చూసిన ఆ ప్రయత్నమే పుస్తకానికి ప్రచారం తెచ్చిందన్న సంగతి, ఈ ధారావాహికలో ఒక భాగంగా తీసినా అతికినట్టు సరిపోయేది.

జేకి రాతలో జోడీ జొనాథన్ లిన్. జే వయసులో పెద్దవాడు, బీబీసీలో 'టునైట్' అనే వార్తా వ్యాఖ్య కార్యక్రమం నడిపినవాడు, 1972లో నటుడు జాన్ క్లీజ్ మొదలైన వారితో కలిసి సంస్థలకు శిక్షణ చిత్రాలు తీసే వీడియో ఆర్ట్స్‌ను స్థాపించినవాడు. లిన్ నటుడు, రంగస్థల దర్శకుడు, తరువాత హాలీవుడ్‌కు వెళ్లి 1992లో 'మై కజిన్ విన్నీ' తీసినవాడు. ఒకరికి యంత్రాంగం ఎలా నడుస్తుందో తెలుసు, మరొకరికి రంగం మీద నవ్వు ఎక్కడ పుడుతుందో తెలుసు. రాజకీయాల్లోనూ వీరిద్దరి మొగ్గు ఒకటి కాదు, జే సంప్రదాయవాదుల వైపు, లిన్ ఎడమ వైపు. హాకర్ ఏ పార్టీ వాడో 38 భాగాల్లో ఒక్కసారి కూడా చెప్పకపోవడానికి ఈ పొంతన లేని జోడీయే కొంత కారణమై ఉంటుందని నేను అనుకుంటాను.

వాళ్లు ఊహ మీదే ఆధారపడలేదు. ప్రధాని హెరాల్డ్ విల్సన్‌కు రాజకీయ కార్యదర్శిగా ఉన్న మార్షియా విలియమ్స్, ప్రధాని కార్యాలయంలో విధాన సలహాదారుగా పనిచేసిన బెర్నార్డ్ డోనహ్యూ వంటి వారి నుంచి ఉదంతాలు సేకరించారు. ఒక భాగంలో హాకర్ మద్యనిషేధం ఉన్న అరబ్బు దేశానికి ప్రతినిధి బృందంతో వెళతాడు. విందు సాగినంత సేపూ నారింజ రసం తాగలేక, పక్క గదిలో ఒక సమాచార కేంద్రం పెట్టి అందులో సీసాలు దాస్తారు. కొంతసేపటికొకసారి ఎవరో ఒకరు వచ్చి, మంత్రి గారికి మిస్టర్ హేగ్ నుంచి అత్యవసర సందేశం, సోవియట్ రాయబార కార్యాలయం నుంచి స్మిర్నాఫ్ గారి సందేశం అంటూ సారా కంపెనీల పేర్లు చదువుతుంటారు. ఇది వట్టి పిట్టకథ కాదు. ప్రధాని జేమ్స్ కాలహాన్ బృందానికి పాకిస్తాన్‌లో ఎదురైన అనుభవాన్ని డోనహ్యూ చెప్పగా వీళ్లు మలిచినది.

మొదటి భాగం చిత్రీకరణ 1979 ఆరంభంలోనే పూర్తయింది. కానీ ఆ ఏడు ఎన్నికలు తప్పవని తెలిసిన బీబీసీ, ఎన్నికల వేళ ఇలాంటిది చూపిస్తే ఓటర్లను ప్రభావితం చేసిందన్న మాట పడాల్సి వస్తుందని దాన్ని పక్కన పెట్టింది. మే 3న ఎన్నికలు జరిగి మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యాక, తొమ్మిది నెలలకు పైగా ఆగి ప్రసారం చేశారు. 'తగిన సమయంలో' అన్న మాటకు ఆఫీసులో ఉండే అర్థాన్ని ఎగతాళి చేసే ధారావాహిక, తానే తగిన సమయం కోసం పెట్టెలో పడి ఉండాల్సి వచ్చింది.

నటుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. హాకర్‌గా పాల్ ఎడింగ్టన్, అప్పటికే 'ద గుడ్ లైఫ్' అనే ధారావాహికతో ఇంటింటికీ తెలిసినవాడు. బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్, అంతకు ముందు పిల్లల కార్యక్రమంలో ఒక నక్క బొమ్మ పక్కన నిలబడి మాట్లాడిన మనిషి. ఇద్దరు గడుసువాళ్ల మధ్య నలిగే పాత్రకు అది తక్కువ శిక్షణేమీ కాదు. హంఫ్రీగా నైజెల్ హాథార్న్. ఊపిరి తిప్పుకోకుండా, ఒక్క అక్షరం తడబడకుండా, స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల ముందు నిమిషం పాటు సాగే ఒకే వాక్యాన్ని అప్పగించడం ఆయన వంతు. ఆ నవ్వులు టేపు మీద అతికించినవి కావు, ఎదురుగా ఉన్న జనానివి. హాథార్న్‌కు ఈ పాత్రకు బ్రిటిష్ సినీ, టీవీ రంగం ఇచ్చే బాఫ్టా పురస్కారాలు నాలుగు దక్కాయి. ఆ నాలుగు సార్లూ ఎడింగ్టన్ పేరు కూడా పోటీలో ఉంది, నాలుగు సార్లూ రాలేదు. తెర మీద మంత్రికి, కార్యదర్శికి మధ్య జరిగేదే పురస్కార సభలోనూ జరిగింది. కానీ ఎడింగ్టన్ ముఖం చూడండి. వాక్యం మొదలైనప్పుడు ఆశ, మధ్యలో అయోమయం, చివరికి అర్థమైనట్టు నటించే అవస్థ. ఆ ముఖం లేకపోతే హంఫ్రీ వాక్యానికి నవ్వు రాదు. నా లెక్కలో ఆ పురస్కారాల్లో సగం ఆయనవే.

ప్రారంభ దృశ్యాల్లో కనబడే ముక్కు, చెవులు సాగదీసిన వ్యంగ్య చిత్రాలు జెరాల్డ్ స్కార్ఫ్ గీసినవి. వెనక వినిపించే సంగీతం రానీ హేజిల్‌హర్స్ట్ సమకూర్చినది, వెస్ట్‌మినిస్టర్‌లో బిగ్ బెన్ గంటలు మోగే వరుసను ఆధారం చేసుకున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హంఫ్రీ అబద్ధం చెప్పడు. ఇది గమనించవలసిన సంగతి. అబద్ధం దొరికిపోతుంది, అస్పష్టత దొరకదు. మంత్రిని ఒక పని నుంచి తప్పించాలంటే ఆయన ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంటాడు. 'వివాదాస్పదం' అంటే ఓట్లు పోతాయని, 'సాహసోపేతం' అంటే ఎన్నికే పోతుందని ఒక భాగంలో వివరణ వస్తుంది. ఇంగ్లీషు తెలిసిన దేశాల్లో ప్రభుత్వ ఉద్యోగులు 'సాహసోపేతం' అన్న మాటను ముసిముసి నవ్వు లేకుండా పలకలేకపోవడానికి కారణం ఆ ఒక్క సన్నివేశమే. నొప్పింపక తానొవ్వక తప్పించుకు తిరగడమన్నది మనకు తెలిసిన నీతే. హంఫ్రీ దానికి వ్యాకరణం రాశాడు.

మన దగ్గర ఈ విద్య లేదనుకునేరు. నేను ఉద్యోగంలో ఉండగా, ఒక విన్నపానికి జవాబు ముసాయిదా రాసి పైకి పంపాను. 'కుదరదు' అని ఒక్క మాటలో రాశాను. అది తిరిగి వచ్చిన రూపం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది: 'పై విషయమై తమరు సమర్పించిన విజ్ఞాపనను ప్రభుత్వం అమలులో ఉన్న నిబంధనల వెలుగులో కూలంకషంగా పరిశీలించిన మీదట, ప్రస్తుత దశలో దానిపై సానుకూల దృక్పథంతో ఆలోచించుటకు గల అవకాశములను తగు సమయమున పునఃపరిశీలించవచ్చునని తెలియజేయడమైనది.' ఈ వాక్యంలో ఏ ఒక్క మాటా అసత్యం కాదు. విన్నపం పెట్టుకున్న పెద్దాయన ఆ కాగితం పట్టుకుని, పని అయిందనుకుని మిఠాయి పొట్లంతో ఆఫీసుకు వచ్చాడు. హంఫ్రీ మాటలకు హాకర్ ముఖం వెలిగినప్పుడల్లా నాకు ఆ పొట్లం గుర్తొస్తుంది.

1981లో వచ్చిన రెండవ వరస (సీజన్)లో మొదటి భాగం ఈ భాషను కంటికి కట్టిస్తుంది. కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రిలో ఐదు వందల మంది పాలనా సిబ్బంది ఉంటారు, రోగి ఒక్కడూ ఉండడు, డాక్టర్లూ ఉండరు. హాకర్ ఉలిక్కిపడితే, దేశంలో ఇంత చక్కగా నడుస్తున్న ఆసుపత్రి మరొకటి లేదని, పరిశుభ్రతకు ఇచ్చే బహుమతికి పోటీలో ఉందని అక్కడి పాలనాధికారిణి వాదిస్తుంది. రోగులు లేకపోయినా పద్దులు, ప్రణాళికలు, సిబ్బంది సంక్షేమం చూడాలి కదా అన్నది అక్కడి తర్కం. ఇంతకంటే విడ్డూరం ఉండదనుకుని కల్పించాక, అలాంటి ఆసుపత్రులు నిజంగానే ఉన్నాయని తమకు తెలిసిందని లిన్ తరువాత చెప్పారు.

ఇక్కడ మన దేశంతో ఉన్న ఒక ముడిని విప్పాలి, ఎందుకంటే హంఫ్రీ వంశవృక్షానికి మన వైపు కూడా వేరుంది. ప్రభుత్వాలు మారినా మారని, పరీక్షలు రాసి చేరే, ఏ పార్టీకీ చెందని ఉద్యోగ వర్గం ఉండాలని బ్రిటన్‌లో ప్రతిపాదించినది 1854 నాటి నార్త్‌కోట్, ట్రెవెల్యన్ నివేదిక. అందులో చార్లెస్ ట్రెవెల్యన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో యౌవనం గడిపినవాడు, మెకాలేకు బావమరిది వరస. 'సివిల్ సర్వీస్' అన్న మాటే కంపెనీ వాడుకలోంచి వచ్చినది. ఆ నివేదిక సొంత దేశంలో పూర్తిగా అమలు కావడానికి 1870 దాకా పట్టింది, కానీ భారతదేశపు ఉద్యోగాలకు పోటీ పరీక్ష 1855లోనే లండన్‌లో జరిగింది. అంటే మందు ముందు మన మీద ప్రయోగించి చూశారన్నమాట. ఈ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరయ్యాడు, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఆయనే ఏలిక. తిరుగుబాటు తరువాత ఖాళీ అయిన ఖజానాను నింపడానికి భారత ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ తెచ్చిన కొత్త పన్నులు ఆయనకు నచ్చలేదు. నచ్చలేదని ఫైలులో రాసి ఊరుకోక, తన అభ్యంతరాన్ని పత్రికలకెక్కించాడు. 1860లో వెనక్కి పిలిపించారు. నోరు విప్పకుండా పని నడిపే ఉద్యోగికి నమూనా గీసిన మనిషే, నోరు విప్పినందుకు పదవి పోగొట్టుకున్నాడు. హంఫ్రీ అయితే ఎన్నటికీ ఆ తప్పు చేయడు.

థాచర్‌కు ఈ ధారావాహిక మహా ఇష్టం. 1984 జనవరిలో మేరీ వైట్‌హౌస్ నడిపిన ప్రేక్షకుల సంఘం వారు దీనికి పురస్కారం ఇస్తూ ఆమెను పిలిచారు. ఆమె తన కార్యాలయంలో తయారైన చిన్న నాటిక పట్టుకొచ్చి, తానే ప్రధాని పాత్ర వేసి, ఎడింగ్టన్, హాథార్న్‌లను పక్కన నిలబెట్టి ఆడారు. అందులో ఆమె ఆర్థికవేత్తలందరినీ రద్దు చేయమంటారు. నటులిద్దరికీ అది ఏమాత్రం ఇష్టం లేదు, కానీ కాదనే దారి లేదు. పురస్కారం అందుకున్న లిన్, హాస్య ధారావాహికల రంగంలో ప్రధాని తనకు తగిన స్థానాన్ని తీసుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. సభ అంతా నవ్వింది, ఆమె తప్ప అని చెబుతారు.

ఆమెకు అంతగా నచ్చడంలో వింత లేదు. ప్రభుత్వోద్యోగులు ప్రజల మేలు కోసం కాక, తమ శాఖల బడ్జెట్లు, హోదాలు పెంచుకోవడం కోసం పనిచేస్తారని చెప్పే పబ్లిక్ చాయిస్ అనే ఆర్థిక సిద్ధాంతం ఆ రోజుల్లో బలం పుంజుకుంటోంది. దాని పెద్ద జేమ్స్ బుకానన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. తన రచన వెనక ఆ ఆలోచన ఉందని జే దాచుకోలేదు. దీన్నిబట్టి, నవ్విస్తూనే ప్రభుత్వ సేవల మీద ప్రజల నమ్మకాన్ని ఈ ధారావాహిక తొలిచేసిందని కొందరు విమర్శిస్తారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ తెర మీద చూసినప్పుడు పాత్రలు సిద్ధాంతానికి లొంగవు. మొదటి భాగంలో హాకర్ 'తెరిచిన ప్రభుత్వం', అంటే దాపరికం లేని పాలన కావాలని పట్టుబట్టి, అమెరికా కంప్యూటర్ల కొనుగోలును బయటపెడుతూ ప్రసంగం సిద్ధం చేస్తాడు. అదే సమయంలో ప్రధాని అమెరికాతో ఒప్పందానికి సిద్ధమవుతున్నాడని తెలిసి అతని కాళ్ల కింద నేల కదిలిపోతుంది. ఆ ప్రసంగం పత్రికలకు చేరకుండా ఆపి అతణ్ని ఒడ్డున పడేసేది హంఫ్రీయే. గొయ్యి తవ్వింది కూడా ఆయనే అన్నది వేరే మాట. హాకర్‌కు ఆదర్శాల కంటే రేపటి పత్రిక ముఖ్యం, హంఫ్రీకి రేపటి కంటే ముప్పయ్యేళ్ల తరువాత కూడా నిలబడాల్సిన భవనం ముఖ్యం. ఐదేళ్లకు పోయేవాడికీ, ఎప్పటికీ ఉండేవాడికీ మధ్య తగువు ఎవరిదో ఒకరి దుర్బుద్ధి వల్ల వచ్చింది కాదు. ఆ సంగతి రచయితలకు వారి సిద్ధాంతం కంటే బాగా తెలుసు.

ఏడేసి భాగాల మూడు వరసలు 1982తో ముగిశాక, 1984 డిసెంబరులో క్రిస్మస్ ప్రత్యేక భాగం వచ్చింది. అందులో ఐరోపా అధికారులు బ్రిటిష్ సాసేజ్‌ను ఆ పేరుతో అమ్మకూడదంటున్నారని ఒక పుకారు పుట్టించి, తానే దాని మీద యుద్ధం ప్రకటించి, తానే గెలిచి, హాకర్ ప్రధాని అయిపోతాడు. 1986లో మొదలైన 'యెస్ ప్రైమ్ మినిస్టర్'లో ఎనిమిదేసి భాగాల రెండు వరసలున్నాయి. పదవి పెరిగింది, అధికారం పెరగలేదు. అందులో అన్నిటికంటే పనికొచ్చే సన్నివేశం అభిప్రాయ సేకరణది. నిర్బంధ సైనిక శిక్షణకు జనం అనుకూలమని సర్వే తేలిస్తే, హంఫ్రీ బెర్నార్డ్‌ను కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు వేస్తాడు. యువతలో నేరాలు పెరుగుతున్నాయని బెంగ ఉందా, క్రమశిక్షణ ఉండాలా అని అడుగుతూ పోతే చివరికి బెర్నార్డ్ శిక్షణకు ఔననక తప్పదు. వెంటనే యుద్ధ భయం, ఆయుధాల ప్రమాదం, బలవంతం తప్పా కాదా అంటూ మరో వరస వేస్తే అదే బెర్నార్డ్ కాదంటాడు. రెండు నిమిషాల దృశ్యం. సర్వే ఎలా వండుతారో చెప్పడానికి దాన్ని ఇప్పటికీ తరగతి గదుల్లో చూపిస్తారు. ఎన్నికల ముందు టీవీలో శాతాలు చూసి మనం ఇళ్లలో వాదించుకునే రోజుల్లో ఒకసారి చూడదగినది.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 2010 మేలో, బ్రిటన్‌లో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడుతున్న రోజుల్లోనే, జే, లిన్‌లు దీన్ని నాటకంగా చిచెస్టర్‌లో రంగమెక్కించారు. మళ్లీ టీవీకి తీయాలన్న మాట వచ్చినప్పుడు బీబీసీ ముందు ఒక నమూనా భాగం తీసి చూపమంది. 38 నమూనా భాగాలు ఇప్పటికే ఉన్నాయని రచయితలు జవాబిచ్చి, 2013లో గోల్డ్ ఛానెల్‌కు ఇచ్చారు. కొత్త నటులు సమర్థులే, కానీ పాతవారి నీడ పెద్దది.

మన దేశంలో 2001లో స్టార్ ప్లస్‌లో 'జీ మంత్రీజీ' పేరుతో హిందీ రూపం వచ్చింది. ఫారూఖ్ షేక్ మంత్రి సూర్యప్రకాశ్ సింగ్‌గా, జయంత్ కృపలానీ కార్యదర్శి రాజనాథ్ మాథుర్‌గా నటించారు. మూలంలోని సన్నివేశాలు దాదాపు మార్పు లేకుండా ఢిల్లీకి సరిపోయాయి, ఎందుకంటే ఢిల్లీ యంత్రాంగం కూడా ఆ నమూనా మీదే నిలబడింది. అయితే ఆ హిందీ రూపంలో లంచం, కులం, బంధువుల ఒత్తిడి వంటి మన సొంత సరుకు తక్కువగా కనబడటం నాకు లోటుగా అనిపించింది.

ఆ హిందీ రూపం చూశాక, సరదాకి ఆ 'సాహసోపేతం' సన్నివేశాన్ని తెలుగులోకి తెద్దామని కూర్చున్నాను. మాట కుదరలేదు. మన దగ్గర సాహసం చేస్తారు సార్ అంటే మంత్రి గారు పొంగిపోయి సంతకం పెట్టేస్తారు, వెనక్కి తగ్గరు. తెగువ అన్నా అంతే. రెండు మూడు రోజులు గింజుకున్నాక, మా సెక్షన్‌లో ఒక పాత ఆఫీసరు గారు మంత్రుల దగ్గర వాడే మాట గుర్తుకు వచ్చింది. ఆయన ఫైలును నెమ్మదిగా మూసి, కళ్లజోడు తీసి, 'సార్, ఇది చారిత్రాత్మక నిర్ణయం అవుతుంది, కోర్టులో కూడా చాలా కాలం చెప్పుకుంటారు' అనేవారు. ఫైలు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయేది.